దీర్ఘశాంతం: క్రైస్తవ విశ్వాసంలో దేవుని మనసు



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడుకున్నామో ఆ అయ్యగారి గొప్పతనం గురించి నేను మాట్లాడను. బతికుండగా ఎవరైనా వేదిక మీద తనను పొగిడితే తల వంచుకుని బైబిలు పేజీలు తిప్పుకుంటూ కూర్చునేవారు. ఒక్క సంగతి మాత్రం చెప్పి విషయంలోకి వెళతాను. ఈ ఉపన్యాసం ఆ సంగతిలోంచే పుట్టింది.

నాకు పన్నెండేళ్లప్పుడు మా పేటలో, మా ఇంటికి రెండిళ్ల అవతల, అయిదేళ్ల పిల్లవాడు జ్వరంతో చనిపోయాడు. ఇల్లంతా జనం. వచ్చినవాళ్లు తమకు తోచిన ఓదార్పు చెబుతున్నారు. దేవుడికి ఇష్టమైనవాళ్లనే త్వరగా పిలుచుకుంటాడని ఒకరు. పరలోకపు తోటకు పువ్వు కావలసి కోసుకున్నాడని ఒకరు. ఆ ఇంట్లో దాచిన పాపం ఏదో ఉందని ఇంకొకరు, కాస్త పక్కకు జరిగి, గొంతు తగ్గించి. అప్పుడు అయ్యగారు సైకిల్ మీద వచ్చారు. బైబిలు తెరవలేదు. అరుగు మీద కూర్చున్నారు. ఆ తల్లి లోపలినుంచి వచ్చి, “అయ్యగారూ, నా బిడ్డని ఆయన ఎందుకు తీసుకున్నాడు?” అని అడిగింది. “ఆయన తీసుకోలేదమ్మా” అన్నారు. ఇంకో మాట అనలేదు. పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నారు. అయ్యగార్లు కూడా ఏడుస్తారని నాకు తెలిసింది ఆ రోజే.

చాలా ఏళ్లకు, సెమినరీలో చదువుకుంటున్న రోజుల్లో, సెలవులకు ఊరు వచ్చి ఆయన్ను అడిగాను. ఏ వచనం చూసుకుని ఆ మాట అన్నారండీ అని. నాకు అప్పటికి వచనాల మీద గట్టి పట్టు ఉందనుకునేవాణ్ని. ఆయన, “నిర్గమకాండం ముప్పై నాలుగు చదువు. లూకా ఏడు చదువు. యోహాను పదకొండు చదువు. అవి చదివాక కూడా అనుమానముంటే రా, కూర్చుని మాట్లాడుకుందాం” అన్నారు. ఆ మూడు అధ్యాయాలూ సరిగ్గా చదవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. ఈ సాయంత్రం నేను చేయబోయేది వాటిని మీ ముందు మళ్లీ చదవడమే.

దేవుడున్నాడా అన్న ప్రశ్న మన పేటల్లో, మన పల్లెల్లో పెద్దగా ఎవరూ అడగరు. ఎలాంటివాడన్నదే అడుగుతారు. పిల్లనిచ్చేటప్పుడు అబ్బాయికి పొలం ఎంత, ఉద్యోగం ఏమిటని అడిగాక, ఆ ఊళ్లో తెలిసినవాళ్లను పట్టుకుని మెల్లగా వాకబు చేస్తాం: గుణం ఎలాంటిది? కోపిష్టివాడా? మాట మీద నిలబడతాడా? పొలం ఎంతున్నా ఆ జవాబు బాగా లేకపోతే సంబంధం వదులుకుంటాం. మన వేదాంత పుస్తకాలు చాలావాటిలో దేవుని గురించిన అధ్యాయం సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, సర్వవ్యాపి అని మొదలవుతుంది. అవన్నీ నిజమే. కానీ అవి పొలం వివరాలు. పిల్లను కన్న తల్లి అడిగే ప్రశ్నకు అవి జవాబు కావు.

ఆ ప్రశ్నకు పాత నిబంధనలో దేవుడే జవాబు చెప్పిన చోటు నిర్గమకాండం 34. ఆ జవాబు ఏ సందర్భంలో వచ్చిందో గమనించాలి. సీనాయి కొండ మీద ఆజ్ఞల పలకలు ఇంకా చేతికొచ్చీ రాకముందే కింద జనం బంగారు దూడను పోత పోసుకుని దాని చుట్టూ ఆడుతున్నారు. మోషే దిగి వచ్చి పలకలను కొండ కింద పగలగొట్టాడు. నిబంధన మొదటి నెలల్లోనే ముక్కలైంది. ఆ స్థితిలో మోషే నీ మహిమ చూపించమని వేడుకున్నాడు. దేవుడు తన మంచితనాన్ని అతని ఎదుట దాటిపోనిస్తానన్నాడు. అడిగింది మహిమ, దొరికింది మంచితనం. దేవుడి మహిమ ఎక్కడుందో ఆ జవాబులోనే ఉంది. రెండోసారి చెక్కిన రాతిపలకలు పట్టుకుని మోషే బండ సందులో నిలబడితే, దేవుడు అతని ముందుగా వెళుతూ తన పేరును తానే చాటుకున్నాడు. ఆ పేరులో ఆయన చెప్పుకున్నది తన బలం గురించి కాదు, తన కనికరం గురించి, దయ గురించి, దీర్ఘశాంతం గురించి, కృప గురించి, నమ్మకత్వం గురించి. ఆ మాటలు ఇశ్రాయేలుకు ఎంత ముఖ్యమంటే సంఖ్యాకాండంలో, నెహెమ్యాలో, కీర్తనల్లో మూడు చోట్ల, యోవేలులో, యోనాలో, నహూములో అవి మళ్లీ మళ్లీ వినిపిస్తాయి.

ఈ మాటల్లో మూడింటి దగ్గర కాసేపు ఆగుదాం.

హీబ్రూలో ‘అఫ్’ అంటే ముక్కు. అదే మాటకు కోపమనీ అర్థం. కోపమొస్తే ముక్కుపుటాలు అదురుతాయి, ఊపిరి వేడెక్కుతుంది. అందుకే ఫలానావాడికి కోపమొచ్చిందనడానికి హీబ్రూవాళ్లు వాడి ముక్కు రగిలిందంటారు. దేవుడు కోపానికి తొందరపడడని చెప్పాల్సి వచ్చినప్పుడు వాళ్లన్న మాట ‘ఎరెఖ్ అప్పాయిమ్’. ముక్కు పొడవైనవాడు అని దాని అక్షరార్థం. ఊపిరి వేడెక్కి బయటికి రావడానికి చాలా దూరం ప్రయాణించాలన్నమాట. ఈ పలుకుబడిని చాలా భాషలవాళ్లకు విడమరచి చెప్పాలి. మనకు అక్కర్లేదు. ముక్కు మీద కోపం అన్న మాట మన ఇళ్లలో రోజూ వినిపిస్తుంది. ముక్కు మీదే కోపం ఉన్నవాడికి ఎదురుగా, కోపం ముక్కు కొసకు చేరడానికి ఏళ్లూ పూళ్లూ పట్టేవాణ్ని ఊహించుకోండి. మన అనువాదకులు ‘దీర్ఘశాంతం’ అన్నప్పుడు ఆ పొడవును ‘దీర్ఘ’లో నిలిపారు, ముక్కును వదిలేశారు. మాట గంభీరంగా ఉంది, కానీ అందులో ఊపిరి తగలదు.

రెండోది కనికరం. హీబ్రూలో కనికరం గలవాడు ‘రహూమ్’. గర్భసంచి ‘రెహెమ్’. రెండూ ఒకే ధాతువు చుట్టూ ఉన్న మాటలు. మనం కడుపుతీపి అంటాం, కడుపుకోత అంటాం, పేగుబంధం అంటాం. ఆ జాతి మాట అది. దేవుణ్ని తండ్రీ అని పిలవమని యేసు నేర్పాడు, మనం పిలుస్తున్నాం. ఆ తండ్రి కనికరానికి లేఖనం ఎంచుకున్న మాట మాత్రం తల్లి కడుపులోంచి వచ్చింది. పాలు తాగే బిడ్డను తల్లి మరిచినా నేను మరవనని యెషయా గ్రంథంలో దేవుడు చెప్పుకోవడంలోనూ, నడక నేర్పి, చేతుల్లోకి ఎత్తుకున్న ఎఫ్రాయిమును ఎలా వదిలేయనని హోషేయ గ్రంథంలో తనలో తాను నలిగిపోవడంలోనూ ఇదే పేగు కదులుతోంది.

ఇక ‘హెసెద్’. దాన్ని మన బైబిలు కృప అంటుంది. మాట ఇచ్చినవాడు, ఎదుటివాడు తప్పినా తాను తప్పకుండా పట్టుకుని ఉండడం. దూడ బూడిద ఇంకా చల్లారకముందే ఆ మాట వినిపించడం ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

దేవుడికి ముక్కూ కడుపూ ఏమిటి, ఆయన ఆత్మ కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. యూదు గురువుల్లోనూ క్రైస్తవ గురువుల్లోనూ చాలామంది చెప్పారు: దేవుడికి శరీరం లేదు, ఇవి మన భాషకు దిగివచ్చి చెప్పిన మాటలు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

అదే పేరులో ఇంకో మాట ఉంది. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల మీదికి రప్పిస్తానన్నది. దీని మీద కోపంగా మాట్లాడుతున్నందుకు మన్నించండి. ఈ ఒక్క మాట పట్టుకుని మన గుడారపు కూటాల్లో ఎంతమంది తల్లులను ఏడిపించారో నేను చూశాను. మాటలు రాని బిడ్డను ఎత్తుకుని ప్రార్థన కోసం ముందుకొచ్చిన అమ్మాయిని, మీ వంశంలో ఎవరు ఏ పాపం చేశారో గుర్తుచేసుకోమని వేదిక మీదనుంచి అడిగారు. ఆ వచనం రాసి ఉంది, నిజమే. దాని పక్కనే కృప వేయి తరాలకు చాలుతుందని కూడా రాసి ఉంది. నాలుగెక్కడ, వెయ్యెక్కడ! పాపం పిల్లల జీవితాల్లో కూడా ముళ్లు నాటుతుందన్నది ఎవరూ కాదనలేని అనుభవం. తాగుడుకు పొలం అమ్మినవాడి మనవళ్లను అడిగితే చెబుతారు. కానీ తండ్రి తప్పును బిడ్డ లెక్కలో రాస్తాడా దేవుడు అన్న ప్రశ్నకు యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం రాయడనే జవాబు చెబుతుంది. పుట్టుగుడ్డివాణ్ని చూపించి వీడు చేశాడా పాపం, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదని యేసు తేల్చేశాడు. ఆ జవాబు వచ్చి దాదాపు రెండు వేల ఏళ్లయింది. ఇంకా ఆ పాత ప్రశ్నే మైకులో అడుగుతున్నాం.

దీర్ఘశాంతం అందరికీ నచ్చదు. నచ్చనివాళ్లలో మొదట చెప్పుకోవలసినవాడు ఒక ప్రవక్త. యోనా కథ ఆదివారపు బడి పిల్లలకు చేప కథగా చెబుతాం. నాలుగో అధ్యాయం చెప్పం. నీనెవె అష్షూరు సామ్రాజ్యపు మహానగరం. క్రీ.పూ. 722 ప్రాంతంలో సమరయను జయించి ఉత్తర ఇశ్రాయేలును చెల్లాచెదురు చేసింది ఆ అష్షూరే. అలాంటి ఊరికి దేవుడు యోనాను పంపాడు. ఆ ఊరు పశ్చాత్తాపపడింది, దేవుడు కీడు తప్పించాడు, యోనాకు మండిపోయింది. తాను తర్షీషుకు ఎందుకు పారిపోయాడో అప్పుడు బయటపెట్టాడు. నిర్గమకాండంలోని ఆ పేరునే దేవుడి ముఖం మీద ఫిర్యాదుగా చదివాడు: నువ్వు ముక్కు పొడవైనవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను. దేవుడి గుణం తెలియక పారిపోయినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. తెలిసి పారిపోయినవాడు యోనా. ఒక్క రాత్రిలో పెరిగి ఒక్క రాత్రిలో వాడిపోయిన సొరచెట్టు కోసం అతను బాధపడుతుంటే, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు మించిన మనుషులూ బోలెడన్ని పశువులూ ఉన్న ఊరి కోసం నేను బాధపడకూడదా అని దేవుడు అడిగాడు. గ్రంథం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. యోనా ఏమన్నాడో లేదు. యూదులు ఈ గ్రంథాన్ని ఏటా ప్రాయశ్చిత్త దినం మధ్యాహ్నం సమాజమందిరంలో చదువుకుంటారు. తమ పాపం క్షమించమని ఉపవాసముండి అడిగే రోజున, శత్రువు పాపం కూడా క్షమించే దేవుడి కథ చదువుకోవడం మామూలు ధైర్యం కాదు.

కాని నహూము గ్రంథం అదే నీనెవె గురించి, అదే పేరు ఎత్తి, దీర్ఘశాంతుడైనా దోషిని ఊరికే వదలడని అంటుంది. క్రీ.పూ. 612లో నీనెవె కూలిపోయింది. ఈనాటి ఇరాక్‌లో మోసుల్ పట్టణం పక్కన దాని మట్టిదిబ్బలున్నాయి. బైబిలు కూర్చినవాళ్లు యోనాను ఉంచి నహూమును తీసేయలేదు, నహూమును ఉంచి యోనాను తీసేయలేదు. దీర్ఘశాంతం అంటే అన్యాయాన్ని చూసీ చూడనట్టు పోవడమని ఎవరైనా అనుకుంటే నహూము అడ్డొస్తాడు. ఇళ్లు కాల్పించుకున్నవాళ్లకు, ఆడపిల్లను పోగొట్టుకున్నవాళ్లకు దేవుడి కోపం కూడా శుభవార్తే. కోపమే రాని దేవుడు వాళ్లకు ఎందుకు?

అయ్యగారు చెప్పిన రెండో అధ్యాయం లూకా 7. నాయీను అనే చిన్న ఊరి పొలిమేర. పాడె వస్తోంది. చనిపోయినవాడు ఒక విధవరాలికి ఒక్కగానొక్క కొడుకు. యేసు ఎదురయ్యాడు. లూకా అక్కడ వాడిన గ్రీకు క్రియ పేగులనే మాటలోంచి పుట్టింది. మన బైబిలు కనికరపడ్డాడని మర్యాదగా చెబుతుంది. మా అమ్మ అయితే కడుపు తరుక్కుపోయిందనేది. సరిగ్గా అదే. సువార్తల్లో ఈ క్రియ యేసు విషయంలోనూ, ఆయన చెప్పిన కథల్లోని కొందరి విషయంలోనూ మాత్రమే కనబడుతుంది. దోపిడీ దెబ్బలు తిన్నవాణ్ని చూసి సమరయుడికి కడుపు తరుక్కుపోయింది. ఆస్తి తగలేసి పందుల దగ్గరనుంచి తిరిగివస్తున్న కొడుకును దూరాన చూసి ఆ తండ్రికి కడుపు తరుక్కుపోయింది.

ఆ తండ్రి పరుగెత్తాడు. ఈ ఒక్క క్రియ మీద గంటసేపు మాట్లాడవచ్చు. మన ఊళ్లలో పెద్దమనుషులు పరుగెత్తరు. కండువా సర్దుకుని నిదానంగా నడుస్తారు. పాలేరు పరుగెత్తాలి, పిల్లలు పరుగెత్తాలి. ఆ రోజుల్లో యూదయలోనూ ఇదే పద్ధతి. ఊరు చూస్తుండగా, కింది బట్ట పైకి పట్టుకుని, పరువు సంగతి మరిచిపోయి పరుగెత్తే ముసలాయన బొమ్మ గీసి, దేవుడు ఇలా ఉంటాడని యేసు చెప్పాడు. కొడుకు కంఠతా పట్టి తెచ్చుకున్న క్షమాపణ మాటలు పూర్తికాకుండానే వస్త్రం తెమ్మన్నాడు, ఉంగరం తెమ్మన్నాడు. ఇంటి బయట అలిగి నిలబడ్డ పెద్దకొడుకు దగ్గరికీ ఆయనే నడిచి వెళ్లాడు. పెద్దకొడుకు లోపలికి వచ్చాడా లేదా, లూకా కూడా చెప్పడు. యోనా గ్రంథం ఆగినచోటే ఈ కథా ఆగింది.

పాత నిబంధనలో దేవుడు కోపిష్టి, కొత్త నిబంధనలో దేవుడు ప్రేమమూర్తి అని చాలామంది చదువుకున్నవాళ్లు కూడా అంటారు. క్రీ.శ. 144 ప్రాంతంలో రోములో మార్సియన్ అనే ఆయన సరిగ్గా ఇదే చెప్పి, ఇద్దరూ వేర్వేరు దేవుళ్లని తేల్చి, పాత నిబంధనను మొత్తం పక్కన పెట్టేశాడు. సంఘం అతణ్ని వెలివేసింది. యెహోషువ గ్రంథంలోని యుద్ధాలు చదివినప్పుడు నా మనసు ఈనాటికీ కుదుటపడదు, ఆ మాట మీతో దాచను. అయినా మార్సియన్ దారి తప్పుదారే. కడుపుతీపి, పొడవైన ముక్కు, వేయి తరాల కృప, ఇవన్నీ ఆయన కోసి పారేసిన సగంలోనే ఉన్నాయి. యేసు చదువుకున్న గ్రంథం అదే.

దాదాపు రెండు శతాబ్దాల తర్వాత అంతకన్నా సూక్ష్మమైన ప్రమాదం వచ్చింది. అలెగ్జాండ్రియాలో ఆరియస్ అనే పెద్ద, కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టించబడినవాడే అని బోధించాడు. ఆయన దుర్మార్గుడు కాదు. దేవుడి ఔన్నత్యాన్ని కాపాడుతున్నాననే అనుకున్నాడు. 325లో, ఇప్పుడు టర్కీలో ఇజ్నిక్ అని పిలిచే నికయ పట్టణంలో బిషప్పులు కూడి, కుమారుడు తండ్రితో ఏక సారం గలవాడని ఒప్పుకోలు రాశారు. ఆ సభకు 2025లో 1700 ఏళ్లు నిండాయి. దాన్ని మనం గ్రీకువాళ్ల మాటల గారడీగా చూస్తాం. ఒక్కసారి మన ఆఫీసుల సంగతి ఆలోచించండి. గుమాస్తా మన కాగితం చూసి కన్నీళ్లు పెట్టుకోవచ్చు. సంతకం పెట్టేది ఆయన కాదు. లోపల గదిలో కూర్చున్నవాడి మనసు ఏమిటో గుమాస్తా కన్నీళ్లను బట్టి చెప్పలేం. ఆరియస్ మాటే నిజమైతే నాయీను పొలిమేరలో తరుక్కుపోయింది గుమాస్తా కడుపు. నికయ సభ అది లోపలి గదిలోనివాడి కడుపే అంది. యేసు వెనుక, ఆయన కన్నా కఠినంగా, ఆయన కన్నా చల్లగా ఇంకో దేవుడెవరూ దాక్కుని లేడని అంది. ఆ సభకు డీకన్‌గా వెళ్లి తర్వాత బిషప్పు అయిన అతనాసియస్ ఈ ఒక్క మాట కోసం అయిదుసార్లు ప్రవాసం పోయాడు. మొత్తం పదిహేడేళ్ల దాకా సొంత ఊరికి దూరంగా ఉన్నాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్ని స్థిరపరిచింది. త్రిత్వం లెక్కల చిక్కుముడిలా కనిపిస్తుంది గానీ, అది కాపాడేది ఈ ఊరటనే. ప్రేమించడానికి ఇంకొకరు ఉండాలి కదా, లోకమే లేనప్పుడు దేవుడు ఎవరిని ప్రేమించాడని అడిగితే, తండ్రి కుమార పరిశుద్ధాత్మల మధ్య ప్రేమ ఎప్పుడూ ఉన్నదేనని సంఘం జవాబు చెబుతుంది. ప్రేమ ఆయనకు తర్వాత అబ్బిన గుణం కాదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతికి వచ్చాం. దేవుడి ముక్కూ కడుపూ మన భాషకు దిగివచ్చిన మాటలే. ఆ మాటలు బెత్లెహేములో శరీరమయ్యాయి. క్రైస్తవ విశ్వాసానికి ప్రత్యేకమైనదేదైనా ఉంటే ఇదే. కోపమొస్తే అదిరే నిజమైన ముక్కు, ఆకలికి మాడే నిజమైన కడుపు దేవుడివయ్యాయి.

మూడో అధ్యాయం యోహాను 11. బేతనియలో లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. మరియ ఏడుస్తోంది, వచ్చినవాళ్లు ఏడుస్తున్నారు. యేసు కన్నీళ్లు విడిచాడన్నది అందరికీ తెలిసిన వచనమే. దానికి ముందు మన తెలుగు బైబిలు ఆయన మూలిగాడంటుంది. యోహాను రాసిన గ్రీకు క్రియలో కోపం ఉంది. పాత గ్రీకులో గుర్రాలు ముక్కుతో బుసకొట్టడానికి కూడా ఆ మాటే వాడారు. సమాధి ముందు నిలబడి దేవుడి కుమారుడు బుసకొట్టాడు! మరియ మీద కాదు, ఏడుస్తున్నవాళ్ల మీద కాదు. సమాధి మీద. చావు తన తండ్రి పెట్టిన ఏర్పాటే అయితే, తన తండ్రి పువ్వు కోసుకోవడమే అయితే, ఆయన దాని మీద ఎందుకు కోపగించుకుంటాడు? అయ్యగారు ఆ తల్లికి చెప్పిన రెండు మాటల వెనుక ఈ అధ్యాయముంది. ముక్కు పొడవైన దేవుడికి కూడా కోపం ముక్కు కొసకు వచ్చిన చోటు ఒక చావిల్లు.

కడుపు సంగతి సిలువ దగ్గర తేలుతుంది. శుభ శుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటల ఆరాధనలో నాలుగో మాటకు వచ్చేసరికి మన గుళ్లలో పిల్లలు కూడా నిశ్శబ్దమవుతారు. నన్నెందుకు చేయి విడిచావని కుమారుడు అడిగాడు. తండ్రి జవాబు చెప్పలేదు. దేవుడు బాధపడగలడా అన్న ప్రశ్న అక్కడ మనల్ని పట్టుకుంటుంది. పడడని పాత గురువులు చాలామంది చెప్పారు. వాళ్లను తొందరపడి తప్పుపట్టకూడదు. చుట్టూ ఉన్న గ్రీకు కథల్లో దేవతలు అలిగేవారు, ఈర్ష్యపడేవారు, పూటకో మనసుతో ఉండేవారు. మా దేవుడు అలాంటివాడు కాదని చెప్పడం వాళ్ల ఉద్దేశం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, జపాన్‌లో కజో కిటమోరి అనే లూథరన్ వేదాంతి దేవుని వేదన గురించి ఒక పుస్తకం రాశాడు. ఆయన పట్టుకున్న వచనం యిర్మీయా 31లో దేవుడు ఎఫ్రాయిము కోసం తన పేగులు కదులుతున్నాయని చెప్పుకునే మాట. మళ్లీ కడుపే. 1943లో హాంబర్గ్ నగరం బాంబు దాడుల్లో తగలబడటం కళ్లారా చూసి, తర్వాత యుద్ధఖైదీగా ఉండి వచ్చిన జర్మన్ యువకుడు యుర్గెన్ మోల్ట్‌మన్, 1972లో సిలువ వేయబడిన దేవుని గురించి రాసిన గ్రంథంలో ఆ నాలుగో మాట చుట్టూనే తిరిగాడు. బాధపడలేనివాడు ప్రేమించనూ లేడన్నది ఆయన వాదన. నేను ఆ వైపే ఉన్నాను, ఒక్క మాట కలుపుకుని: మనకు బాధ వచ్చి మీద పడుతుంది. ఆయన తనంతట తాను దాని కిందికి వెళ్లాడు. అందుకే అది ఆయన్ను మింగలేకపోయింది. మూడో రోజు సంగతి మీకు తెలుసు.

ఈ దేవుడి గురించి మన నేల మీద గుంపులుగా విన్నవాళ్లెవరు? ఊరిబావి దగ్గరికి రానివ్వనివాళ్లు, గుడి గడప తొక్కనివ్వనివాళ్లు. ఒంగోలు ప్రాంతంలో తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య అంతకుముందు యోగ మార్గంలో గురువుల వెంట నడిచిన మాదిగ భక్తుడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కుదురుకుంటున్న ఆ రోజుల్లోనే పల్లెపల్లెకూ తిరిగి చెప్పాడు. 1876 నుంచి 78 దాకా కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచిన ఆ నెలల్లో, ఏడాదికి పైగా, ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. కూలి పనీ లేదు, గంజీ లేదు. మరి ఎందుకొచ్చారు? చరిత్రకారులు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి, వాటిని కాదనను. నాకు తోచేది ఇది: తమను చూసి ఎవరి కడుపూ తరుక్కుపోని లోకంలో, తమ కోసం కడుపు తరుక్కుపోయిన దేవుడున్నాడని వాళ్లు విన్నారు. అంటరానిదైన చావు చచ్చిన దేవుడు, బానిసలకు వేసే శిక్ష తన ఒంటి మీద వేయించుకున్న దేవుడు వాళ్లకు పరాయివాడిగా కనిపించలేదు. 1980లలో అర్వింద్ నిర్మల్ వంటివారు దళిత వేదాంతమని పేరుపెట్టి రాసిన దానిని మా ముత్తాతలు పేరు పెట్టకుండానే పట్టుకున్నారు.

అలాగని దేవుడితో పేచీ మానలేదు. వినుకొండ బిడ్డ గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసి, గుడిలోకి వెళ్లలేని మనిషి చేత, వెళ్లగలిగిన గబ్బిలానికి తన గోడు చెప్పించి, కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపాడు. ఆ కవే ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ రెండు కావ్యాలనూ పక్కపక్కన పెట్టి చదవమని మన యువకులను కోరుతున్నాను. కీర్తనల గ్రంథంలో మూడోవంతుకు పైగా ఫిర్యాదులే. నీ గుణం ఇదని చెప్పావు కదా, మరి మా బతుకు ఇలా ఎందుకుందని దేవుడి పేరు దేవుడికే చదివి వినిపించడం అవిశ్వాసం కాదు. మోషే చేశాడు, యోనా చేశాడు. సిలువ మీద కుమారుడే చేశాడు.

యోబు మాట సంగతేమిటని మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు. ఇచ్చినవాడే తీసుకున్నాడన్న అర్థంలో యోబు అన్నాడు, నిజమే. పదిమంది బిడ్డలను పోగొట్టుకున్న తండ్రి తన దుఃఖంలో తన నోటితో అన్న మాట అది. పక్కింటివాళ్లు అతనికి అప్పజెప్పింది కాదు. అతని ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేలమీద అతనితో మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. ఎనిమిదో రోజునుంచి దేవుడి తరఫున వివరణలు ఇవ్వడం మొదలుపెట్టారు. గ్రంథం చివర దేవుడు ఎలీఫజును పిలిచి, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నా ముక్కు రగిలిందన్నాడు. హీబ్రూలో సరిగ్గా ఆ మాటే ఉంది.

ఈ సభలో సంఘ కాపరులున్నారు, బైబిలు స్త్రీలున్నారు, రేపో ఎల్లుండో ఎవరింటికో పరామర్శకు వెళ్లవలసినవాళ్లు అందరూ ఉన్నారు. అయ్యగారి పేరిట మిమ్మల్ని ఒకటే వేడుకుంటున్నాను. బిడ్డ పోయిన ఇంటికి వెళ్లినప్పుడు దేవుడు తీసుకున్నాడని చెప్పకండి. పాపాల వాకబు చేయకండి. అరుగు మీద చోటు చూసుకుని కూర్చోండి. ఏడుపొస్తే ఏడవండి. ఆ తల్లి ఏమైనా అడిగితే, అప్పుడు జవాబు చెప్పండి.